క్వారీ గట్టు మీద సిలువలు

మంగళవారం ఉదయం పదిన్నరకు సమీక్ష బృందం బొమ్మనహళ్ళి అవతలి పాత క్వారీకి వచ్చింది. నగరం చెత్త నింపడానికి ఎంచిన స్థలం అది. దాని గట్టు మీద పదకొండు సమాధులు కనిపించాయి.

పర్యావరణ నివేదికలో వాటి ప్రస్తావన లేదు. "స్థలం ఖాళీ" అని ఉంది.

సమాధులు కట్టాలన్నది స్టెల్లా ఆలోచన. ఆమె ఆసుపత్రిలో నర్సు. క్వారీ దిగువ కాలనీలో ఉంటుంది. అక్కడ ఉన్నవి ఆంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలు. అందరూ తాగేది ఒకే బోరు నీళ్ళు. క్వారీలో చెత్త పడితే దాని మురికి ఊట బోరులోకి దిగుతుంది. కాలనీవాళ్ళు అధికారులకు అభ్యంతరాలు రాసిచ్చారు. జవాబు రాలేదు. శ్మశానం ఉన్న చోటును వదిలేస్తారని స్టెల్లా ఎక్కడో చదివింది.

కాలనీకి శ్మశానం లేదు. ఎవరు పోయినా సొంతూరికే తీసుకెళ్తారు. అందుకే పోయిన వారం మగవాళ్ళు గట్టు మీద పది దిమ్మెలు కట్టి, సిలువలు నాటి, సున్నం కొట్టారు. పాతగా కనిపించాలని మట్టినీళ్ళు చల్లారు.

గురువారం సారమ్మ చనిపోయింది. స్టెల్లా మేనమామ జయరాజు భార్య ఆమె. నంద్యాల దగ్గరి ఊళ్ళో తన తల్లి పక్కనే పెట్టమని చాలాసార్లు అడిగింది. స్టెల్లా బంగారు కాగితం కత్తిరించి, శవపెట్టె మూత మీద అత్త పేరు అతికించింది. సాయంత్రం జయరాజు, కొడుకు డానియల్ పెట్టెను వ్యానులో ఎక్కించుకుని బయలుదేరారు. ఇంకెవరినీ రావద్దన్నాడు జయరాజు. బృందం వచ్చేసరికి అందరూ కాలనీలోనే ఉండాలన్నాడు.

శనివారం ఇద్దరూ తిరిగొచ్చారు. ఆదివారం ఆరాధన ముగిశాక చూస్తే గట్టు మీద పదకొండో దిమ్మె ఉంది. తండ్రీకొడుకులు కట్టారు. ఎందుకని స్టెల్లా అడిగింది.

"పదంటే లెక్కబెట్టి కట్టినట్టుండాది పాపా," అన్నాడు జయరాజు.

ఆ రోజూ మర్నాడూ ఆయన అక్కడే కూర్చున్నాడు. మల్లెపూలు తెచ్చి ఆ ఒక్కదాని మీదే పెట్టాడు. స్టెల్లా వాటిని తీసి పదకొండింటికీ పంచింది.

"నాటకం జాస్తి చేయొద్దు మామా. ఒకదాని కాడే ఏడిస్తే అనుమానమొస్తాది."

జయరాజు కళ్ళు తుడుచుకున్నాడు.

మంగళవారం వచ్చిన బృందం పెద్ద నాగేంద్ర కోలారు మనిషి. తెలుగు బాగా వచ్చు. మొదటి దిమ్మెను గోటితో గీకి చూశాడు. సున్నం రాలింది. కింద సిమెంటు కొత్తది. స్టెల్లా వైపు తిరిగాడు.

"ఏమ్మా, మీ కాలనీలో అందరూ ఒకే వారంలో పోయినారా?"

బృందం వెంట వచ్చిన తహసీల్దారు నవ్వాడు. సమాధులు పాతవేననీ, ఈమధ్యే బాగుచేయించామనీ స్టెల్లా చెప్పింది. పేర్లేవని నాగేంద్ర అడిగాడు.

మట్టి నమూనాల కోసం తెచ్చిన జేసీబీ పక్కనే ఉంది. నాగేంద్ర దాని వైపు చూశాడు.

"ఒకటి తవ్వుదాం. లోపల మనిషుంటే ఈ స్థలం వద్దని నేనే రాస్తా. లేకుంటే అందరి మీదా కేసు. నీది ఆసుపత్రి ఉద్యోగం కదమ్మా, ఆలోచించుకో."

ముందు జేసీబీ. వెనక కాలనీ జనం. దిగే దారికి అడ్డంగా పోలీసు జీపు. వద్దంటే ఒప్పుకున్నట్టు. సరేనంటే గుట్టు బయటపడ్డట్టు.

నాగేంద్ర మొదటి దిమ్మె వైపు చెయ్యి చూపించాడు. డ్రైవరు జేసీబీని కదిలించాడు.

జయరాజు లేచాడు.

"అది పాతదప్పా. ఎముకలు గూడా మిగిలుండవు. దీన్ని తవ్వండి." చివరిదాన్ని చూపించాడు.

స్టెల్లా ఆయన చొక్కా పట్టుకుంది. "మతి ఉండే మాట్లాడతాండావా మామా?"

ఆయన ఆమె చెయ్యి విడిపించుకున్నాడు.

"మిషను వద్దు. పారలతో తవ్వండి. నిదానంగా."

డానియల్ మొహం తిప్పుకున్నాడు.

ఇద్దరు కూలీలు దిమ్మె పగలగొట్టారు. మోకాలి లోతు తవ్వారు. ఏమీ లేదు. తహసీల్దారు కేసు కాగితాలు తెమ్మని జీపు దగ్గరికి మనిషిని పంపాడు. నడుము లోతు దాటింది. స్టెల్లా కళ్ళు మూసుకుంది.

పార చెక్కకు తగిలింది. కూలీ వంగి చేత్తో మట్టి తుడిచాడు.

మూత మీద స్టెల్లా అతికించిన బంగారు కాగితపు అక్షరాలు ఉన్నాయి: సారమ్మ.