అద్దం మీద ఉబ్బు

మణుగూరు షెడ్డులో మీటరు వెడల్పు టెలిస్కోపు అద్దాన్ని ఇప్పపువ్వు ఏరుకునే చేతులతో పాలిష్ చేయించారట! పరీక్షించడానికి వెళ్లిన నాకు నవ్వాగలేదు.

ఆ గాజు మీద అరచెయ్యి ఆనించి నిలబడి, పాలిష్ చేసిన జోగమ్మకు పావుగంట పాఠం చెప్పాను. వెంటనే టెస్టు పెట్టాను. కంప్యూటర్ తెర మీద ఒకచోట గాజు ఉబ్బి కనిపించింది.

"చూశావా నీ పనితనం? రేపట్నుంచి రానక్కర్లేదు."

జోగమ్మ కదల్లేదు. "చెయ్యి తగిలితే మేం ఆ పూటంతా టెస్టు పెట్టం సారూ. వేడికి గాజు ఉబ్బుతది. జర ఆగుండ్రి, సల్లగైతే అదే పోతది."

"నాకే నేర్పుతున్నావా?" అంటూ, రిపోర్టులో పెట్టడానికి ఆ బొమ్మను పెద్దది చేశాను.

ఉబ్బుకు అయిదు వేళ్లున్నాయి.