గడప మీద ఉప్పుకూర

సముద్రంలో మునిగిపోయిన మా ఊళ్ళో ఇప్పుడు ఎవరి ఇంటి జాగాలో వాళ్ళే, ఉప్పునీళ్ళలో బతికే ఉప్పుకూర నాటాలి. మొక్కలుంటే సముద్రం తెచ్చిన బురద వాటి మధ్య ఆగి, నేల ఏటేటా పైకి లేస్తుంది. మా జాగా మాత్రం మూడేళ్ళుగా కోసుకుపోతోంది.

ఈ ఉదయం సముద్రం నీళ్ళు వెనక్కి తీశాక, ఈ బురద పర్రంతా చూసుకునే ఎగిరే యంత్రం వచ్చి మా నెత్తిన తిరిగింది. మేం దాన్ని తూనీగ అంటాం.

"ముందు వరసలో రెండు మూరలు ఖాళీ. నీళ్ళు అక్కణ్ణుంచే దూరి మట్టి లాక్కుపోతున్నాయి," అంది.

ఆ వరస నాటేది మా అత్త నాంచారమ్మ.

"అది మన గడప ఉన్న చోటే," అంది తల వంచుకుని. "దాని మీద కాలెట్టి ఎట్టా నాటను?"

నాకు కోపం రాలేదు. నేను కోడలిగా వచ్చిన రోజు ఆ గడపకి పసుపు రాసి నన్ను లోపలికి పిలిచింది ఆవిడే.

"ఇట్టా వదిలేస్తే వచ్చే ఏటికి ఇల్లున్న చోటే ఉండదత్తయ్యా."

ఆవిడ గడప అవతలే మోకాళ్ళ మీద కూర్చుని, ఆ బురద తాకి కళ్ళకద్దుకుని, చేతులు చాచి ఒక్కో మొక్కే నాటింది.

అప్పటికి పోటు మొదలైంది. నీళ్ళు మొక్కల దాకా వచ్చాయి.

"రావద్దనట్లేదు," అంది అత్త సముద్రంతో. "ఆ కాళ్ళ బురద మాత్రం గడప దగ్గరే వదిలి రా."