సముద్రం వైపు నీటికోడి

"సముద్రం వైపు నీటికోడేమిటయ్యా?" మేస్త్రీ హ్యాడ్లీ బల్లమీది రాతిపలకను చూస్తూ అడిగాడు.

శిల్పి ఎబెన్ క్రౌచ్ తల వంచుకుని చేతులకున్న రాతిదుమ్ము దులుపుకున్నాడు. థేమ్స్ మీద కడుతున్న కొత్త వంతెన పిట్టగోడలకు పక్షుల పలకలు పెడుతున్నారు. ఎగువ వైపు ఏటి పక్షులు, దిగువ వైపు సముద్రపు పక్షులు. ఆ సంగతి షెడ్డు ఊడ్చేవాడికి కూడా తెలుసు. అలాంటిది సీగల్ ఉండవలసిన పలకలో నీటికోడి కూర్చుని ఉంది, రెక్క కింద ఒక పిల్లతో సహా.

"ఉప్పునీళ్లు తాగి చస్తుందేమో, కాస్త టీ పట్టించు ఎబెన్," అన్నాడు పక్క బల్ల డిగ్బీ. షెడ్డంతా నవ్వింది.

హ్యాడ్లీ నవ్వలేదు. పందొమ్మిదేళ్లలో ఎబెన్ ఉలి ఒక్కసారీ తప్పలేదు. కూతుర్ని పూడ్చిపెట్టి వచ్చి మూడు వారాలు కాలేదు, మనసెక్కడుందోనని సరిపెట్టుకుని గొంతు తగ్గించాడు. ముక్కు వంచి, రెక్కలు సాగదీసి దాన్నే సీగల్‌గా మార్చెయ్యమన్నాడు. తను చూడనట్టే ఉంటానన్నాడు.

"కుదరదండి. లోతుగా చెక్కేశాను."

"ఆలోచించుకో. కంట్రాక్టరు ఊరుకోడు. పని పోతుంది."

"పోనివ్వండి."

ఆ మొండితనానికి మేస్త్రీకి ఒళ్లు మండింది. అయితే షెడ్డు రివాజు తెలుసుగా అన్నాడు. చెడగొట్టిన రాయి చెడగొట్టినవాడిదే. పొద్దుగూకేలోగా మోసుకుపోవాలి. ఉలులు కూడా సర్దుకోవాలి, రేపట్నుంచి రానక్కర్లేదు.

ఎబెన్ సరేనన్నాడు. అప్పటికే ఉలులు గుడ్డలో చుట్టి ఉన్నాయి.

గేటు దగ్గర అతని భార్య మార్తా తోపుడుబండితో నిలబడి ఉంది. బండిలో గడ్డి ఒత్తుగా పరిచి ఉంది. ఈమెకు కబురు ఇంత తొందరగా ఎవరు చేరవేశారా అనుకున్నాడు హ్యాడ్లీ. నల్ల శాలువాలో ఆ మనిషిని చూసేసరికి కోపం దిగిపోయింది. పలక ఎత్తడానికి తనూ ఓ చెయ్యి వేశాడు.

"మెల్లగా మేస్త్రీగారూ," అంది మార్తా. "అంచులు దెబ్బతింటాయి."

పనికిరాని రాయికి అంచులేమిటనుకుంటూ హ్యాడ్లీ దాన్ని గడ్డిమీదికి ఒరిగించాడు. గోడలోకి వెళ్లి ఎవరికీ కనబడకుండా పోవలసిన వెనక వైపు పైకి తిరిగింది.

దానిమీద అక్షరాలు చెక్కి ఉన్నాయి: "టాబితా క్రౌచ్. ఆరేళ్లు."