దేవుడికి వేసిన ఆట

"నీ సినిమానా? ఇక్కడా?" ప్రొజెక్టర్ అద్దం తుడుస్తున్న బూన్ టెక్ తలెత్తనైనా లేదు. "జనమే చూడని సినిమా దేవుడికెందుకురా?"

రీళ్ల పెట్టె పట్టుకుని నిలబడ్డాడు చిన్ లియాంగ్. మలేషియాలో, పెనాంగ్‌లోని ఆ గుడిలో ఏటా ఉత్సవానికి దేవుడికి సినిమా వేసి చూపించేది నాన్న బూన్ టెక్కే. ఆ పని వదిలి వేషాలకు పోయాడని కొడుకుతో మాట్లాడటమే మానేశాడు. ఈ ఒక్క సినిమా నాన్న చూస్తే చాలునని మొక్కుకుని మరీ వచ్చాడు చిన్ లియాంగ్.

"నాకోసం కాదులే నాన్నా. దేవుణ్ణే అడుగు. వద్దంటే ఇటునుంచి ఇటే పోతాను."

"పో. అడ్డెవడు?"

గుడి ఊడ్చే గ్వాట్ అత్త చీపురు పక్కన పడేసింది. "అడగడానికేం రోగం? చెక్కలున్నాయిగా!"

నెలవంకల్లాంటి రెండు చెక్కలవి. దేవుడి ముందు వదిలితే ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడితే సరేనన్నట్టు. రెండూ బోర్లా పడితే వద్దన్నట్టు. సినిమా ఆట ముగిసేదాకా వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. చెక్కలు ఒప్పుకోలేదని సొంత పెళ్లే ఏడాది వాయిదా వేసుకున్న ఘనుడు బూన్ టెక్. నిరుడు గుడి పెద్ద తెచ్చిన సినిమానూ ఆ చెక్కల మాట మీదే తిప్పి పంపాడు.

ముసలాయన ఒక్కడే లోపలికి వెళ్లాడు. చెక్కలు పడ్డ చప్పుడైంది. ఆ తర్వాత ఎంతసేపటికీ ఉలుకూ పలుకూ లేదు.

చివరికి మొహం మాడ్చుకుని బయటికొచ్చాడు.

"ఏమన్నాడు?" అంది అత్త.

"వెయ్యమన్నాడు. ఆయన ఖర్మ, నాకేం!"

ఖాళీ కుర్చీల ముందు తెర వెలిగింది. మనిషి రూపంలో ఉన్న యంత్రం వేషం చిన్ లియాంగ్‌ది. ఒక అనాథ పిల్లను దాచి పారిపోతోంది యంత్రం. దాని గుండెలోంచి వచ్చే సంకేతం పట్టుకుని వేటగాళ్లు గుమ్మందాకా వచ్చేశారు. బల్లకింద పిల్ల నిద్రపోతోంది. యంత్రం పిల్ల తల నిమిరి, తన ఛాతీ తెరిచి, తీగ తానే పీకేసుకుని ఆగిపోయింది.

చిన్ లియాంగ్ తెర చూడటం లేదు, నాన్ననే చూస్తున్నాడు. ఆట మొదలెట్టి కునుకు తీసే మనిషి ఇవాళ నిలువుకాళ్ల మీద నిలబడ్డాడు. చేతిలో కాఫీ చల్లారి మీగడ కట్టింది.

"ఆ పిల్లకింకెవరున్నార్రా?" అన్నాడు ముసలాయన.

"ఎవరూ లేరు నాన్నా."

"మరెందుకు పీక్కున్నావురా, వెధవా!" కళ్లు తుడుచుకున్నాడు. కాఫీ పక్కన పెట్టాడు. "అన్నం తిన్నావా?"

చిన్ లియాంగ్‌కి ఏడుపు ఆగలేదు. దేవుడు కరుణించబట్టే కదా ఇదంతా అనుకుంటూ, ఆట ముగియగానే కమలాపళ్లు తీసుకుని లోపలికి పరిగెత్తాడు. దణ్ణం పెట్టడానికి మోకాళ్ల మీద వంగాడు.

చాప మీద చెక్కలు రెండూ బోర్లా పడి ఉన్నాయి.