బొమ్మ గౌను మీది చమ్కీలు

రైలు తాండూరు దాటిందో లేదో, అశ్విని కెవ్వుమంది.

పక్క సీట్లో తల్లి బీరమ్మ అదిరిపడింది. "ఏమైందే? కిటికీల చెయ్యి నలిగిందా? పర్సు పోయిందా?"

"చమ్కీలమ్మా! చమ్కీలన్ని ఊడినయి!"

అట్టపెట్టెలో జానెడు బొమ్మ. దానికి నీలం గౌను. పదిహేను రోజులు కూర్చుని చేత్తో కుట్టి, పెయింటుతో నెమళ్లు వేసి, ఈకకో చమ్కీ అంటించింది అశ్విని. ఇప్పుడు నెమళ్లు బోడిగా ఉన్నాయి. మూత తీయగానే, అడుగున రాలిపడ్డ చమ్కీలను కిటికీ గాలి ఊడ్చుకుపోయింది.

పదింటికి వికారాబాదులో పెద్దా చిన్నా అందరికీ బొమ్మ గౌన్ల పోటీ. మొదటి బహుమతి కుట్టుమిషను. తొమ్మిదో తరగతి పిల్ల వేళ్ల మీద సూదిపోట్లు చూసినప్పుడల్లా బీరమ్మ కళ్లలో ఆ మిషనే తిరిగేది.

"నేనే చెడగొట్టిన, బిడ్డా! గమ్ము ఆరదేమోనని నిన్నంత ఎండల బండ మీద పెట్టిన."

ఎదురు సీట్లో ఉన్నామె నవ్వింది. యాభై ఏళ్లుంటాయి. వెలిసిన చీర, ఒళ్లో సంచి.

"మన తాండూరు బండ ఎండకు రొట్టె కాలుస్తది చెల్లె. గమ్ము పెళుసైంది. అయినా ప్రయాణమున్ననాడు ముందుగాల అంటియ్యొద్దు. బండి ఊగితే రాలుతది. దిగినంకనే అంటించుకోవాలె."

నిన్నెవరడిగారన్నట్టు బీరమ్మ పెట్టెను తన వైపు లాక్కుంది.

ఆమె సంచిలోంచి చిన్న రేకుడబ్బా తీసి మూత విప్పింది. లోపల బంగారు రంగు చమ్కీలు తళుక్కుమన్నాయి.

"ఇంద బిడ్డ. పెట్టుకో."

"వద్దు! ఊకెనే ఎవలన్న ఇస్తరా? అండ్ల ఏం మత్తుమందు కలిపినవో!"

"మందు కలిపితే నీ బిడ్డ కంటె ముందు బొమ్మ పడిపోతది తియ్."

అశ్విని పకపకా నవ్వేసి, తల్లి ఆపేలోపే డబ్బా అందుకుంది.

"రంగు తెచ్చినవా?"

"తెల్లది ఉన్నది పెద్దమ్మా."

"గమ్ము సంగతి మర్చిపో. రంగే పట్టుకుంటది. సూది మొనతోని చుక్క పెట్టు. పచ్చిగున్నప్పుడే చమ్కీ పెట్టి అద్దు. చెల్లె, నువ్వు కిటికీకి కొంగు అడ్డం పట్టు."

గొణుక్కుంటూనే బీరమ్మ కొంగు పట్టింది.

చుక్క, చమ్కీ, అద్దు. చుక్క, చమ్కీ, అద్దు.

"బండి ఊగుతున్నది. చేతులాపు! ఆఁ, ఇప్పుడు పెట్టు!"

ధారూరు స్టేషన్ వచ్చేసరికి మొదటి నెమలి మెరిసింది. బీరమ్మ కొంగు పట్టుకునే ఎగిరి గంతేసినంత పని చేసింది. "అగో, ఆ తోక కొసకు! ఆ కొసకు ఒకటి!"

"పెద్దమ్మా, నీ డబ్బ ఖాళీ అయితున్నది."

"కానీ. రెండో నెమలిని బోడిగ నిలబెడ్తమా?"

అడుగున మిగిలిన ఒక్క చమ్కీ కూడా నెమలి కంటికి సరిపోయింది.

అప్పుడొచ్చింది బీరమ్మకు అనుమానం. "ఎక్కడికమ్మా నువ్వు?"

"వికారాబాదుకే."

"ఏం పని?"

"ఉన్నదిలే, చిన్న పని."

పని చెప్పదు, పేరు చెప్పదు. పిల్లల్ని మాటల్లో పెట్టి ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని మొన్ననే ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. బీరమ్మ బిడ్డను తన పక్కకు జరుపుకుంది.

వికారాబాదులో రైలు ఆగేసరికి పదికి పది నిమిషాలు. ఒక మంచి మాట కూడా అనకుండా, బిడ్డను రెక్క పట్టి లాక్కుపోయి షేర్ ఆటో ఎక్కింది.

వెనక నుంచి ఆమె ఉరికి వస్తోంది, సంచి గుండెకు అదుముకుని.

"చెల్లె! ఆగున్రి! నేను గూడ..."

"అమ్మో, వెంటబడ్డది! పోనియ్యన్నా!"

"ఇంకొక సీటున్నదమ్మా," అన్నాడు ఆటో అతను.

"ఆ సీట్ల నా సంచి కూసుంటది. పోనియ్!"

"పెద్దమ్మనే గదమ్మా!"

"నువ్వు నోరు మూస్కో. లోకం సంగతి నీకు తెల్వదు."

వీళ్లు హాల్లోకి పోగానే వెనక గేటు మూశారు. బీరమ్మకు అప్పటికిగానీ ఊపిరి ఆడలేదు.

పోటీ జడ్జి పద్మారాణి మేడమ్ ప్రతి గౌనునూ తిరగేసి దులిపి చూస్తున్నారు. ఒక బల్ల మీద పూసలు జలజల రాలాయి. ఇంకో బల్ల మీద చమ్కీలు. నీలం గౌను దగ్గరికి రాగానే బీరమ్మ కళ్లు మూసుకుంది. మేడమ్ ఒకసారి దులిపారు. మళ్లీ దులిపారు.

ఒక్కటీ రాలలేదు.

మైకులో మొదటి బహుమతి నీలం గౌనుకని, అశ్విని పేరు వినపడగానే బీరమ్మ వేసిన కేకకు హాలంతా తిరిగి చూసింది. తల్లీబిడ్డలు ఒకరినొకరు పట్టుకుని గిర్రున తిరిగారు. నవ్వో ఏడుపో బీరమ్మకే తెలియలేదు.

కుట్టుమిషను మోసుకుంటూ బయటికి వస్తుంటే గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు.

"నీలం గౌను పిల్ల మీ బిడ్డనేనా అమ్మా?"

"అవ్. ఎందుకన్నా? ఏమైంది?"

"ఏం గాలే. పొద్దుగాల గేటు మూసినంక ఒకామె ఉరుక్కుంట వచ్చింది. టైం అయిపోయింది, లోపలికి పోనియ్యనని చెప్పిన. నీలం గౌను పిల్ల లోపలికి పోయిందా అని అడిగింది. పోయిందని చెప్పిన. సంబురపడ్డది."

బీరమ్మ చేతిలో మిషను బరువెక్కింది. "ఆమె... ఏడున్నది?"

"ఇంతసేపు గీడనే కూసున్నది. మైకుల నీలం గౌనుకే బహుమతి అని ఇని చప్పట్లు కొట్టి, ఇప్పుడే బస్సెక్కింది."

"ఆమెకు ఈడేం పని అన్నా?"

"పోటీకే వచ్చిందమ్మా. చేతిల బొమ్మ గూడ ఉండె. ఎర్రగౌను మస్తు కుట్టింది గని, దాని మీద ఒక్క చమ్కీ లేకుండె."