తగిరిస కూర

బిస్సమ్ కటక్ సంత నుంచి సత్యవేణి వచ్చేసరికి కూతురు బిందుశ్రీ వాకిట్లో గుజ్జనగూళ్లు ఆడుతోంది. కొడుకు లోపల ఆదమరచి నిద్రపోతున్నాడు.

లక్కపిడత అడుగున ఏవో పచ్చి గింజలు మిగిలున్నాయి. పక్కన పసుపు పూల కొమ్మ.

“తగిరిస కూరమ్మా!” అంది బిందుశ్రీ.

సత్యవేణి కొమ్మ అందుకుంది. కూర వండుకునే తగిరిస ఆకు కొస గుండ్రంగా ఉంటుంది. ఇది సూదిగా ఉంది. నలిపితే కంపు కొట్టింది. కసివింద! పిల్లల ప్రాణాలు తీసే గింజ.

“ఏటి సేసేవే అమ్మీ! తిన్నావేటి?”

“నేను ఇంకా తిన్నేదమ్మా.”

సత్యవేణి కూతుర్ని గట్టిగా కరుచుకుంది.

“వొండినోలు ఆకర్న తినాల గదా, నీలాగ. ముందు తమ్ముడికెట్టేను. కడుపునిండా తినీసేడు.”