జేగురు గుండె

"మద్రాసు నించి పటం వచ్చేసింది. ఇంకా ఈ మనిషెందుకు మేస్టారూ?" అన్నారు డాక్టరు వైకుంఠరావు గారు.

భానుమూర్తి మేస్టారి చేతిలో వెదురుపుల్ల ఆగిపోయింది. ఎదురుగా బల్ల మీద బంట్రోతు అసిరయ్య చొక్కా లేకుండా, చేతులు వెనక్కి కట్టుకుని నించున్నాడు. ఒంటి మీద అప్పటికే సున్నంతో ఊపిరితిత్తులు, బొగ్గుతో కార్జం, పసుపుతో పేగులు గీసి ఉన్నాయి. ఇక జేగురుతో గుండె గియ్యడమే మిగిలింది.

బరంపురంలో ఆ ట్రైనింగు స్కూలు పెట్టి ఏడేళ్లయింది. ఏడేళ్లుగానూ దేహశాస్త్రం పాఠం అంటే అసిరయ్య ఒళ్లే. పల్లెబళ్లకి పంతుళ్లు కాబోయే ముప్పై మంది బెంచీల మీద కూర్చుని ఆ ఒంటిని చూసి నేర్చుకుంటారు. ఆ పాఠం ఎలా చెబుతున్నారో చూసి రమ్మని పైవాళ్లు డాక్టరు గారిని పంపేరు. ఆయన చంకలో శరీర భాగాల పటం చుట్ట పెట్టుకుని మరీ వచ్చేరు. పటం లేనన్నాళ్లూ మనిషిని నిలబెట్టేరు, బాగుంది, ఇప్పుడు పటం గోడకి తగిలించి వీణ్ణి పనిలోకి పంపెయ్యమని ఆయన మాట.

అసిరయ్య బల్ల దిగలేదు. తక్కిన రోజుల్లో అతను నీళ్ల కుండ, చీపురు, గంట. వారానికి ఈ ఒక్క గంటే ముప్పై మంది తలెత్తి అతన్ని చూస్తారు. లక్ష్మివారం వస్తోందంటే ముందు రోజే రొమ్ము నున్నగా గొరిగించుకుని వస్తాడు. ఆ సంగతి మేస్టారికి తెలుసు.

"పటం కొట్టుకోదు గదండీ," అన్నారు మేస్టారు నెమ్మదిగా. పటంలో గుండెని చూస్తారు, వీడి దగ్గరైతే వింటారు, అదీ తేడా అని చెప్పుకొచ్చేరు.

డాక్టరు గారికి ఆ మాట నచ్చినట్టే ఉంది. "సరే, వినిపించండి. బాగా వినపడితే మనిషే ఉంటాడు. లేదంటే పటం."

మేస్టారు పుల్ల జేగురులో ముంచి, అసిరయ్య ఎడంపక్క రొమ్ము మీద పిడికిలంత గుండె గీసేరు. ఆ పుల్ల మూరెడు పొడుగు. ఆయన ఆచారం గల ఇంటి మనిషి, ఇన్నేళ్లలో వేలి కొసైనా అసిరయ్యకి తగల్లేదు. చెవి ఆనించి వినడం ఎప్పుడూ చదువుకునేవాళ్ల వంతే.

ముందుగా కొడల ఊరి నించి వచ్చిన శ్యామసుందర్ లేచేడు. జేగురు మీద చెవి పెట్టి, బాగా వినపడుతోందన్నాడు. ఊరుకోక, "మా ఊరి డప్పులాగుంది అసిరయ్య భాయి, కాస్త మెల్లిగా కొట్టుకోమను," అన్నాడు. ఎర్రబడ్డ అతని చెవి చూసి అందరూ నవ్వేరు. మేస్టారికి కొంచెం ఊపిరొచ్చింది.

డాక్టరు గారు స్టెతస్కోపు తీసి జేగురు గుండె మీద పెట్టేరు. కాసేపు విన్నారు. కనుబొమలు ముడిపడ్డాయి. ఎడం చెయ్యి ఇమ్మన్నారు. అసిరయ్య ఇచ్చేడు. గడియారం తీసి, నాడి పట్టుకుని లెక్కపెట్టేరు.

నాడి ఒక లెక్కన, గుండె ఒక లెక్కన నడుస్తున్నాయేమిటని తనలో తను అనుకున్నట్టే అన్నారు. "ఏదీ, ఆ చెయ్యి కూడా ఇలా ఇవ్వు."

అసిరయ్య మేస్టారి వంక చూసేడు. ఇవ్వనా మాననా అన్నట్టు చూసి, చివరికి కుడిచెయ్యి కూడా ముందుకి చాపేడు.

గుండె చప్పుడు ఆగిపోయింది.

డాక్టరు గారు గొట్టాన్ని వేలితో తట్టి చూసుకున్నారు. గొట్టం బాగానే ఉంది. నాడి ఆడుతోంది, మనిషి రెప్పలు వేస్తున్నాడు, జేగురు కింద మాత్రం చడీచప్పుడు లేదు. బెంచీల మీద ఎవరూ కదల్లేదు.

గొట్టం రొమ్ము మీద అంగుళం అంగుళం జరిగింది. నడిమి ఎముక దాటి కుడిపక్కకి వెళ్లి అక్కడ నిలిచిపోయింది. చాలాసేపు నిలిచింది.

"మీరెప్పుడైనా విన్నారా మేస్టారూ?"

లేదన్నారు మేస్టారు.

"ఇలా రండి."

డాక్టరు గారు చెవుల్లోంచి గొట్టం తీసి అందించేరు. మేస్టారు అది చూసుకోనేలేదు. కండువా వెనక్కి తోసి, వంగి, అసిరయ్య కుడిపక్క రొమ్ముకి చెవి ఆనించేరు. చెమట వాసన, సున్నం వాసన. లోపల జోడు దెబ్బలుగా, ఏ తొందరా లేకుండా కొట్టుకుంటోంది గుండె. ఇంటికి వెళ్లి తలమీద నీళ్లు పోసుకోవాలన్నది ఆ క్షణాన ఆయనకి తోచలేదు.

ఇలా గుండె కుడిపక్కన ఉండే మనుషులు బహు అరుదనీ, తను పుస్తకంలో చదవడమే గాని చెవితో వినడం ఇదే మొదలనీ డాక్టరు గారు అందరికీ చెప్పేరు. "పటం గోడకి ఉండనివ్వండి. మనిషిని మాత్రం బల్ల దింపకండి," అన్నారు.

మేస్టారు నిటారుగా లేచేరు. చెంపకి అంటిన సున్నం తుడుచుకోలేదు. ఏడేళ్లు, ఏడు జట్లు, జేగురు అంటుకున్న చెవులన్నీ ఆయన కళ్లముందు తిరిగేయి. అసిరయ్యకి మాత్రమే వినపడేటట్టు అడిగేరు.

"మరి ఇన్నేళ్లూ వీళ్లంతా విన్నదేవిట్రా?"

అసిరయ్య తల దించుకున్నాడు. కుడిచెయ్యి మెల్లిగా వీపు వెనక్కి పోనిచ్చి, కాయకట్టిన నడిమివేలి కణుపుతో ఎడంపక్క రెండుసార్లు కొట్టేడు.

"తవరు గుండి ఎడంపక్కనుంటాదని సెప్పీసినారు గదా బాబూ."